అగరొత్తులు ఆరేదాకా ఆగిన లారీ

ఫికున్ పద్నాలుగేళ్లు నిలబడి బతికింది. ఇది అలంకారం కాదు. ఉబోన్ ఊళ్లోని తోట బార్లలో, ఒక బీరు కంపెనీ కుట్టించి ఇచ్చిన వంకాయరంగు గౌను తొడుక్కుని, బల్ల నుంచి బల్లకు తిరుగుతూ ఆ కంపెనీ బీరే తాగమని చెప్పడం ఆమె ఉద్యోగం. అందులో కూర్చోవడానికి వీల్లేదు. నలభై మూడో ఏట పిక్కల మీద నరాలు నీలం తాళ్లలా ఉబ్బాక, కంపెనీ ఆమె చోటులో ఇరవై రెండేళ్ల పిల్లను పెట్టుకుంది.

ఆమెను పొగడడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. కోపం తొందరగా వస్తుంది. పాడితే శ్రుతి తప్పుతుంది. ఒక్క నియమం మాత్రం ఆ పద్నాలుగేళ్లలో ఎన్నడూ తప్పలేదు. ఏ సీసా అయినా తాగేవాడి కళ్లముందే మూత తీస్తుంది. చాటున తీసి తెచ్చిన సీసాలో ఏముందో తాగేవాడికి తెలియదు. తెలియనివ్వకపోవడం అతన్ని అవమానించడమేనని ఆమె అభిప్రాయం. నియమాలు మనిషిని గొప్పవాణ్ని చేస్తాయని నేననుకోను. నిలబడడానికి జానెడు చోటు చూపిస్తాయి, అంతే.

మూన్ నది ఒడ్డున మూతపడిన బియ్యం మిల్లు తాలూకు గోదామును ఆమె అద్దెకు తీసుకుంది. పాటల బార్ పెట్టాలని. మా దగ్గర బార్ తెరిచేవాళ్లు ముందు స్పాన్సర్ కోసం తిరుగుతారు. ఫ్రిజ్‌లు, బల్లలు, కుర్చీలు, ఐసు పెట్టెలు, పైన వెలిగే బోర్డు, అన్నీ ఏదో ఒక బీరు కంపెనీ ఇవ్వవలసిందే. బోర్డు మీద బీరు పేరు రాస్తే చట్టంతో చిక్కు గనక కంపెనీ తన సోడా పేరు రాయిస్తుంది, తాగేవాళ్లకు అర్థమవుతుంది.

ఫికున్ మొదట తన పాత కంపెనీకే వెళ్లింది. అక్కడి అధికారి మర్యాదగా కుర్చీ చూపించాడు. పద్నాలుగేళ్లలో ఆ కంపెనీ ఆమెను కూర్చోమన్నది ఆ రోజే. మంచినీళ్లిచ్చి, గోడ క్యాలెండరు ఒకటి చేతిలో పెట్టి, కబురు చేస్తామన్నాడు. రెండు నెలలైనా కబురు రాలేదు.

అప్పుడు పోటీ కంపెనీలో పనిచేసే వీరయుత్ దగ్గరకు వెళ్లింది. ముప్పై ఏళ్లవాడు, ఈ ఊళ్లో బార్లన్నిటికీ సరుకు చేర్చే పని అతనిది.

"మా బీరును ఎన్ని బల్లల మీంచి తరిమావో నాకు గుర్తుందక్కా," అన్నాడతను.

"అందుకే వచ్చాను తమ్ముడూ. మీ బీరు ఎందుకు అమ్ముడుపోవట్లేదో నాకు తెలిసినట్టు మీ ఆఫీసులో ఎవరికి తెలుసు?"

అతను నవ్వి కాగితం రాశాడు. ముప్పై బల్లలు, రెండు ఫ్రిజ్‌లు, వేదిక, బోర్డు. బదులుగా ఒకే షరతు: ఆ ఆవరణలో మరో కంపెనీ పానీయం, బీరైనా, సోడా అయినా, రంగునీళ్లయినా, కంటికి కనపడకూడదు. కోరాట్ ఆఫీసు నుంచి మేనేజరు వచ్చి చూసి, ఫొటో తీసి పైకి పంపాకే లారీలోంచి సామాను దిగుతుంది. బార్ తెరవడానికి విహారంలో భిక్షువు పెట్టిన ముహూర్తం గురువారం. మేనేజరు వచ్చేది సోమవారం పొద్దున. లారీ తిరిగిపోతే ఆ గోదాములో ఖాళీ నేల తప్ప ఇంకేమీ ఉండదు.

ఆదివారమంతా ఆమె ఊడ్చింది. పాత సిగరెట్ బూడిద గిన్నెలు, ఎండకు పట్టే గొడుగు, ఆ క్యాలెండరు, పద్నాలుగేళ్లు నడుముకు వేలాడిన మూతతీత, పాత కంపెనీ ముద్ర ఉన్న ప్రతి వస్తువూ సంచిలో కట్టి అక్కగారింటికి పంపేసింది. వీరయుత్ కూడా వచ్చి మూలమూలా చూసి బాగుందన్నాడు.

సోమవారం మేనేజరు విచియన్ దిగాడు. యాభై దాటిన భారీ మనిషి. కారు దిగగానే, మాలో ఎవరైనా చేసేదే చేశాడు: ఆవరణ మూలన ఒంటి స్తంభం మీద నిలిపిన చిన్న ఇంటి ముందు, ఆ చోటును కాచే దేవుడైన తాతగారి బొమ్మ ముందు, చేతులు జోడించాడు. జోడించినవాడు అలాగే ఉండిపోయాడు. తాతగారి ముందు ఐదు అగరొత్తులు వెలుగుతున్నాయి. పక్కన, గొట్టం వేసిన ఎర్ర సోడా సీసా. వేరే కంపెనీది. పేరు ఇంత లావు అక్షరాలతో.

నిన్న ఇద్దరూ వెతికారు, ఇద్దరికీ కనపడలేదు. రోజూ మొక్కి నైవేద్యం పెట్టే చోటును తనిఖీ చేయాలని ఎవరికి తోస్తుంది?

వీరయుత్ గబగబా ముందుకొచ్చాడు. సీసా తీయబోయి, మధ్యలోనే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ధూపం ఆరకముందు నైవేద్యం ఎత్తితే తాతగారి నోటి దగ్గరది లాక్కున్నట్టే. మేనేజరుకూ ఆ సంగతి తెలుసు. ఒక పెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు. గేటు బయట డ్రైవరు లారీ ఆపుచేసి చెప్పులు విప్పి పడుకున్నాడు. నలభై నిమిషాలు, ఒక కంపెనీ వ్యవహారమంతా ఐదు పుల్లలు కాలడం కోసం ఆగింది.

ఆ సేపట్లో మేనేజరు ఆమె కాళ్ల వంక చూసి ఎన్నేళ్లు చేశావని అడిగాడు. తానూ మొదట్లో సైకిలు మీద సీసాలు మోశానని చెప్పాడు. తరువాత, మొహమాటపడుతూనే, ఒక దారి చూపించాడు.

"రేపటి నుంచి లోపలే గ్లాసులో పోసి తెచ్చి పెట్టు చెల్లెమ్మా. రంగు ఎర్రగానే ఉంటుంది. పేరు కనపడదు. నాకూ గొడవ ఉండదు."

ఎంత తేలికైన దారి. వీరయుత్ ఒప్పుకోమని కళ్లతో బతిమాలాడు. ఫికున్ గేటు వైపు, లారీ వైపు చూసింది. మేనేజరు వైపు తిరిగి చెప్పింది.

"తాగుబోతులకు కూడా చాటున మూత తీసి ఇవ్వలేదన్నయ్యా. తాతగారికి ఇవ్వమంటారా? సామాను దించకపోతే దించకండి."

చివరి పుల్ల బూడిద రాలింది. ఫికున్ మోకాళ్ల మీద కూర్చుని, మిగిలింది పిల్లలకు ఇప్పించమని తాతగారిని అడిగి, సీసా దించింది. తరువాత పూజసామాను పెట్టెలోంచి అదే ఎర్ర సోడా మరొకటి తెచ్చి, తాతగారి ఎదుట మూత తీసి పెట్టింది. అది మొండితనమో భక్తో నేను తేల్చలేను. ఆమెకూ తెలిసి ఉండదు.

మేనేజరు లేచి, ప్యాంటు దులుపుకుని, వీరయుత్‌ను ఫొటో తీయమన్నాడు.

ఆ ఫొటో ఇప్పుడు బార్ గోడ మీద ఉంది. నదీ, గోదామూ, ఖాళీ వేదికా చక్కగా పడ్డాయి. చిత్రమేమిటంటే మేనేజరు వాటి ముందు లేడు. ఎక్కడో మూలన, తాతగారి ఇంటికీ సీసాకీ అడ్డంగా, పొట్ట పూర్తిగా వదిలి నిలబడ్డాడు. పెద్దలకు వీపు చూపకూడదు గనక పక్కకు తిరిగాడు. పెదవులు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. క్షమించమని తాతగారిని అడుగుతున్న క్షణం అది.

లారీ తలుపు పదిన్నరకు తెరుచుకుంది.