చిన్ని మింగిన నాలుగు గింజలు

2022, జూలై. టేకులపల్లి దాటి అడవి వైపు వెళ్లే దారిలో ఒక పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మాది మధిర. ఇటువైపు వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. చుట్టుపక్కల తండాల్లో నన్ను నోరున్న సిస్టర్ అంటారని నాకు తెలుసు. తెలిసి కాస్త గర్వపడేదాన్ని కూడా. అరిస్తే తప్ప టీకాలకు పిల్లల్ని తీసుకురారు, అరిస్తే తప్ప బీపీ మాత్రలు వేసుకోరు అని నా నమ్మకం.

వానలకు బడులకు సెలవులిచ్చారు. ఆ రోజు కాస్త తెరిపి ఇచ్చింది. డాక్టరు గారు మీటింగని కొత్తగూడెం వెళ్లారు. పదకొండు గంటలప్పుడు దగ్గరి తండా నుంచి సునీత అనే ఆమె ఇద్దరు కూతుళ్లతో వచ్చింది. పత్తి చేలో కలుపు తీస్తూ మధ్యలో లేచి వచ్చినట్టుంది, కాళ్ల మట్టి కూడా కడుక్కోలేదు. చంకలో ఆరేళ్ల చిన్ని. వెనకాల పదేళ్ల శ్రావణి గోడకు ఆనుకుని నిలబడింది.

"చిన్నది గురిగింజలు మింగింది సిస్టర్. నాలుగంట," అంది సునీత.

గురిగింజ అంటే గురివింద గింజ. ఎర్రగా, ఒక కొసన నల్లచుక్కతో ఉంటుంది. ఎండాకాలంలో అడవి అంచున తీగల మీద కాయలు పగిలితే పిల్లలు ఏరి డబ్బాల్లో దాచుకుంటారు. మట్టిలో రెండు వరసల గుంటలు తవ్వి వామనగుంటలు ఆడేది వీటితోనే. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు మింగి మా దగ్గరికి వస్తూనే ఉంటారు. లోపల ఉన్నది చెడ్డ విషం. కానీ పైపెంకు చాలా గట్టిది. నమలకుండా మింగితే చాలాసార్లు ఎలా వెళ్లిందో అలాగే బయటికి వచ్చేస్తుంది.

"నమిలావా చిన్నీ?" అని అడిగాను. లేదని తల ఊపింది. నోరు తెరిపించి చూశాను, పళ్లలో తునకలేమీ లేవు. మింగి అరగంటయిందట.

"ఏం కాదులే సునీతా. సాయంత్రం దాకా ఇక్కడ కూచోబెట్టుకో, తర్వాత ఇంటికి వెళ్దురుగాని," అన్నాను. అక్కడితో ఆగానా, లేదు. పెద్దపిల్ల వైపు తిరిగి, "నీ కళ్లెక్కడ పెట్టుకున్నావే? చెల్లి చస్తే ఎవరిదే బాధ్యత?" అని గట్టిగా అరిచాను. శ్రావణి తల వంచుకుంది.

ఓపీ రిజిస్టరులో పేరు రాసి, మరో ఇద్దరు జ్వరం రోగులను చూసి తిరిగొచ్చాను. అప్పుడు కనిపించింది, శ్రావణి చూపుడు వేలికి గుడ్డపీలిక. కట్టు కడదామని చేయి పట్టుకుంటే వెనక్కి లాక్కుంది. విప్పి చూస్తే వేలికొసంతా సూది పోట్లే. ఆ పిల్ల నా మొహం చూడలేక చిన్ని పొట్ట వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

సునీతను నీళ్లు పట్టుకు రమ్మని బయటికి పంపాను. నేను కింద బండల మీద కూర్చున్నాను.

"తిట్టను తల్లీ. ఆ సూదితో ఏం చేశావు?"

గుడ్డపీలికను మళ్లీ వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "మట్టి బొమ్మకు పెండ్లి చేస్తున్నం సిస్టర్. దండ చేసిన. గురిగింజలు రెండు దినాలు నీళ్లల్ల నానబెడితే మెత్తగయితయి, అప్పుడు సూది దిగుతది."

"మరి చిన్ని మింగినవి?"

"గా దండలయే. తెంపుకపోయి బుగ్గల దాచుకుంది. తొక్కుడుబిళ్ల ఆడుకుంట ఎగిరింది, లోపలికి పోయినయి."

పెంకుకు రంధ్రం పడిందంటే లోపలి విషానికి దారి దొరికినట్టే. దీనికి విరుగుడు మందు లేదు. గంటలపాటు ఏమీ తెలియదు, తెలిసేసరికి పేగులు పుండయి ఉంటాయి.

డాక్టరు గారికి ఫోన్ చేశాను. "చార్‌కోల్ తాగించి వెంటనే ఖమ్మం రిఫర్ చెయ్యండి. వాంతులయ్యేదాకా ఆగొద్దు," అన్నారు. రిఫర్ అంటే పెద్దాసుపత్రికి చీటీ రాసి పంపడం. 108కి చెప్పాను. మా దగ్గరికి రావడానికి ఇరవై నిమిషాలన్నారు. చార్‌కోల్ నల్లటి బొగ్గుపొడి, విషం రక్తంలోకి ఎక్కకముందే కడుపులో పట్టి ఉంచుతుంది. మొదటి గంటలో తాగిస్తేనే బాగా పనిచేస్తుంది. గడియారం చూస్తే మిగిలింది పది నిమిషాలు.

నీళ్లతో వచ్చిన సునీత నేను గ్లాసులో కలిపిన నల్లటి చార్‌కోల్ చూసి అడ్డం తిరిగింది. "ఇప్పుడే ఏం కాదంటివి గద! పోరి మంచిగ ఆడుకుంటుంది. ఖమ్మం ఎందుకు?"

నిజమే. చిన్ని బీపీ మిషన్ రబ్బరు బుడగ నొక్కుతూ నవ్వుతోంది.

"నేను తప్పు చెప్పాను సునీతా," అన్నాను. ఆ మాట నా నోట రావడం కష్టమైంది. "అవి సూదితో గుచ్చిన గింజలు. ఇప్పుడు మంచిగానే కనిపిస్తుంది, రేపటికి ఇలా ఉండదు."

సునీత ఒక్కసారిగా పెద్దదాని మీదికి చెయ్యెత్తింది. ఆ చెయ్యి పట్టుకున్నాను. "నిజం చెప్పింది కూడా ఈ పిల్లే. కొట్టకు."

చిన్ని మొదటి గుక్క నా చీర మీద ఊసింది. రెండోదీ అంతే. శ్రావణి వచ్చి గ్లాసు తీసుకుంది. "తాగు చిన్నీ. పెండ్లిపిల్ల బొమ్మ నీకే ఇస్త, మల్ల అడగ." చిన్ని అక్క మొహం చూస్తూ కళ్లు మూసుకుని తాగింది. సగం కింద పోయినా సగం లోపలికి పోయింది.

బండి వచ్చి తీసుకువెళ్లింది. మర్నాటి నుంచి వాంతులు, రక్త విరేచనాలు. సెలైన్ ఎక్కిస్తూనే ఉన్నారట. రోజుకు రెండుసార్లు ఖమ్మం ఫోన్ చేసేదాన్ని. నాలుగో రోజు గంజి అడిగిందని చెప్పారు. ఫోన్ పెట్టేసి రికార్డు రూములో కూర్చుని ఏడ్చాను.

రెండు వారాల తర్వాత ముగ్గురూ వచ్చారు. చిన్ని చిక్కిపోయింది కానీ కుదురుగా కూర్చోవడం లేదు. శ్రావణిని పక్కకు పిలిచి, "రాగానే ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను.

"చెప్దామనే వచ్చిన సిస్టర్. మీరు అరిచిండ్రు గద."

ఆ రోజు విలువైన పావుగంట పోవడానికి కారణం సునీత కాదు, చిన్ని కాదు, నా నోరే.

ఇప్పుడు పిల్లలు ఏది మింగి వచ్చినా నమిలావా, ఎన్ని మింగావు అని ముందు అడగను. దానితో ఏం ఆడారు, ఏం తయారు చేశారు అని అడుగుతాను, అదీ పక్కనున్న పిల్లని, కింద కూర్చుని. బీపీ మాత్రలు వేసుకోని ముసలాళ్ల మీద ఇప్పటికీ అరుస్తాను. పిల్లల మీద మాత్రం ఆ రోజు తర్వాత అరవలేదు.