ప్రశాంతం బాబాయ్ బెంచీ

ఊరి చివర అడవి పార్కులో బాటలు ఊడ్చి, చెట్లు చూసుకునే ఆయన్ని అందరూ ప్రశాంతం బాబాయ్ అనేవాళ్ళు. పార్కుకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన చెప్పే మొదటి మాట అదే మరి: "గుట్ట మీది బెంచీ దగ్గరికి వెళ్ళండి, ఎంత ప్రశాంతంగా ఉంటుందో!" వాళ్ళు ఎక్కేవాళ్ళు, కింద లోయా, లోయ అవతల చెరువూ చూసేవాళ్ళు, నాలుగు ఫొటోలు తీసుకుని పది నిమిషాల్లో దిగొచ్చేవాళ్ళు. దిగొస్తూ ఆయన వంక చూసి నవ్వేవాళ్ళు. మెచ్చుకోలు నవ్వనుకునేవాడు పాపం.

అసలు సంగతేమిటంటే, ఆ గుట్ట కిందే లారీల రోడ్డుంది. గేరు మార్చి ఎత్తెక్కే ప్రతి లారీ రొదా తిన్నగా వచ్చి ఆ బెంచీ మీదే పడుతుంది. చెవులు గింగుర్లెత్తిపోతాయి. మరి బాబాయికో? ముప్ఫై ఏళ్ళు రేకుల షెడ్డులో సుత్తి పట్టిన మనిషి. చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు. ఆ మాట ఒప్పుకుంటేనా! వినిపించకపోయినా వినిపించినట్టే తలూపేవాడు. ఎవరైనా అడిగితే, "ఈ కాలం జనం నోట్లో నోట్లో గొణుక్కుంటున్నారు, నేనేం చేసేది?" అని పైపెచ్చు దెబ్బలాటకి దిగేవాడు.

ఆ బెంచీ ఆయన చేతి పనే. ఇనప చట్రం తనే అతికి, పలకలు తనే బిగించి, ఎక్కడ కూర్చుంటే చెరువు నిండుగా కనిపిస్తుందో చూసి మరీ పెట్టాడు. పెట్టిన మర్నాడే భార్యని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆవిడ పావుగంట కూర్చుని, "తలనొప్పిగా ఉంది, వెళ్తాను" అంటూ లేచింది. ఇక పదకొండేళ్ళు ఆ అడవి మొహం చూస్తే ఒట్టు. ఊరంతా వస్తోంది, నా పెళ్ళాం రాదు, నా పనంటే ఆవిడకి గిట్టదు అని ఆయనకి లోపల్లోపల ఒకటే బాధ. ఒక్కసారి వచ్చి తన పక్కన ఓ గంట కూర్చుంటే చాలు, ఇంకేం అక్కర్లేదు. అడగడానికి మాత్రం అభిమానం అడ్డం.

కిందటేడు కూతురు బలవంతంగా లాక్కెళ్ళి చెవి మిషను పెట్టించింది. "నీతో అరిచి అరిచి నా గొంతు పోతోంది నాన్నా" అంది. ఇంటికొచ్చాక ఫ్యాను కీచుమంటుందని తెలిసింది, తన చెప్పులు టపటపలాడతాయని తెలిసింది, వంటింట్లో భార్య పొద్దస్తమానం ఏదో ఒకటి అంటూనే ఉంటుందనీ తెలిసింది.

"ఇన్నేళ్ళూ ఇవన్నీ నన్నేనా?"

"మరి గోడననుకున్నారా?" అందావిడ.

మర్నాడు హుషారుగా గుట్టెక్కాడు. తన అడవిని తను మొదటిసారి వినబోతున్నాడు, చిన్న విషయమా! కూర్చున్నాడో లేదో, లారీ. దాని వెనకాలే ఇంకో లారీ. హారన్లు, బ్రేకులు. ఎదురుగా చెరువు ఎప్పట్లాగే అందంగా ఉంది, అయినా కన్ను దాని మీద నిలవలేదు. జనం ఎందుకు నవ్వారో అప్పుడర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాడు. మిషను పీకి జేబులో పడేసి, రెండు రోజులు గుట్ట వైపే వెళ్ళలేదు.

మూడో రోజు తట్టింది. అయితే ఆవిడకి గిట్టనిది నా పని కాదు, ఈ లారీలు! అంతే, మిషను మళ్ళీ చెవికెక్కింది. వారం రోజులు బాటల వెంట పదడుగులకోసారి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. "బాబాయ్, నిలబడే నిద్రపోతున్నావా?" అని టికెట్ల కౌంటరు పిల్ల ఆటపట్టించింది. పోనీలే అనుకున్నాడు. చివరికి గుట్ట వెనక, ఓ పెద్ద బండ చాటున దొరికింది చోటు. బండ లారీల రొదని అటే ఆపేసింది. సన్నటి ఊట రాళ్ళ మీంచి జారుతోంది. ఏదో పిట్ట ఆగి ఆగి ఒకే ముక్క అంటోంది.

బెంచీ అక్కడికి మారుస్తానంటే, "అక్కడేం కనిపిస్తుందయ్యా, పొదలు తప్ప?" అన్నాడు పార్కు సూపర్‌వైజరు.

"మీరొచ్చి కూర్చోండి సార్, తర్వాత మాట్లాడండి."

కూర్చున్నాడు. చేతిలో ఫోను మోగితే కట్టేశాడు. సరేనన్నాడు.

గుట్ట మీది బెంచీ బండ చాటుకి దిగింది. కానీ ఏం లాభం, కూర్చున్నవాళ్ళు మెడలు వెనక్కి తిప్పి తిప్పి చూస్తున్నారు. బాబాయ్ దాన్ని బండకి ఎదురుగా బిగించాడు, నీళ్ళేమో వీపు వెనక! "ఓరి నా తెలివి తెల్లారా! వినపడేదాన్ని చూడాలనిపించదూ మనిషికి?" అని నెత్తి కొట్టుకుని, తిప్పి పెట్టి, అడ్డొచ్చిన నాలుగు కొమ్మలు కోసేశాడు. ఆ తర్వాత చూడాలి, కూర్చున్నవాళ్ళు లేస్తే ఒట్టు. ఒకాయనైతే గురక కూడా పెట్టాడు.

అప్పుడు అభిమానం చంపుకుని భార్యని అడిగాడు. ఆదివారం సాయంత్రం వచ్చిందావిడ. ఆయన నీళ్ళు చూడలేదు, పిట్టని వినలేదు, ఓరకంట ఆవిణ్ణే కనిపెట్టుకుని కూర్చున్నాడు. పావుగంట దాటింది. అరగంట దాటింది.

"ఆ రోజూ ఇలాగే కూర్చున్నాం" అందావిడ, అరవకుండా, మామూలు గొంతుతో.

"లారీల గోలకి నీకు తలనొప్పొచ్చింది. నాకేం తెలుసు?"

"లారీలకి కాదు. మిమ్మల్ని ఒకటడిగాను. ఇంట్లో ఒక్కదానికీ తోచట్లేదు, రోజూ మీతో నేనూ రానా అని. మీరు చెరువు వైపు చూస్తూ, 'ఇక్కడ ఎవరూ ఉండరు, అదే హాయి' అన్నారు. మీ హాయి చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను. అప్పటికే మీకు చెవుడని నాకేం తెలుసు?"

వినని మాటకి జవాబిచ్చి, పదకొండేళ్ళు ఆవిణ్ణి ఇంట్లో కూర్చోబెట్టేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మళ్ళీ అడుగు" అన్నాడు.

"ఇప్పుడెందుకండీ..."

"అడగవే!"

"రోజూ మీతో నేనూ రానా?"

"రా. పొద్దున్న ఏడున్నరకి బయల్దేరదాం."

"ఏడింటికే తయారై కూర్చుంటాను" అందావిడ.