కుప్పం అక్కకు వచ్చే టపా

మా పెద్దమ్మ కూతురు కుప్పంలో ఉండేది, నేను మదనపల్లెలో. ఏటా వేసవిలో పుంగనూరులో జరిగే విశ్వాసుల కూటాలకు మా రెండు కుటుంబాలూ వచ్చేవి. ఎనభైల మొదట్లో ఆ కూటాలు దగ్గరపడుతున్నాయంటే నాకు ఒక పక్క సంతోషం, ఇంకో పక్క కడుపులో మంట. ఆ మంటకు కారణం అక్క సంచి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్ళంతా పందిరి కింద చాపల మీద నడుం వాల్చేవాళ్ళు. అక్క అప్పుడు సంచి విప్పేది. ఆ ఏడాది టపాలో ఆమెకు ఉచితంగా వచ్చినవన్నీ అందులో ఉండేవి. రేడియోలో సువార్త చెప్పేవాళ్ళు పంపిన క్యాలెండరు, బైబిలు వాక్యం అచ్చువేసిన రిబ్బన్లు, పరిశుద్ధ దేశం పటం, ఏదో మందుల కంపెనీ పెన్ను, అరచేతిలో ఇమిడిపోయే నమూనా సబ్బు. పత్రికలో గానీ రేడియోలో గానీ ‘ఉచితం, కార్డు రాయండి’ అన్న మాట తగిలితే చాలు, ఆమె రాసేది. వచ్చిన కవర్లు కూడా పారేసేది కాదు. ఒక్కో కవరు మీద టైపు కొట్టిన ఆమె పేరు.

సబ్బు మీద, పెన్ను మీద నాకంత ఆశ లేదు. ఆ కవర్లను చూస్తేనే ప్రాణం కొట్టుకునేది. మా ఇంటికి వచ్చే ఉత్తరాలన్నీ నాయన పేరు మీదే వచ్చేవి. నా పేరు చూసుకుని పోస్ట్‌మన్ మా గడప తొక్కిన రోజు లేదు.

“ఈ తూరి నీకేమొచ్చిండాదే?” అని అడిగేది అక్క. ఎగతాళికి కాదు, తెలుసుకోవాలనే అడిగేది. ఎగతాళి చేసినా అంత మండేది కాదు.

నేను రాయక కాదు. మా మదనపల్లె సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ఏం కావాలన్నా దేవునికే చెప్పుకోవాలి, మనుషుల ముందు చెయ్యి చాపకూడదు. మా నాయన సంఘ పెద్ద. బియ్యం నిండుకున్నా అమ్మ పక్కింటికి గిన్నె పంపేది కాదు, మోకాళ్ళ మీద ఉండేది. అలా పెరిగిన నేను కార్డు ఎలా రాస్తాను? ‘మీ కార్యక్రమం వింటున్నాము. మీ పరిచర్య కొరకు ప్రార్థిస్తున్నాము’ అని రాసి, ఏమీ అడగకుండా ముగించేదాన్ని. పంపాక రోజూ ప్రార్థించేదాన్ని, క్యాలెండరు సంగతి దేవునికి మాత్రం వివరంగా చెప్పి. రేడియోవాళ్ళు జవాబు కూడా ఇవ్వలేదు. అక్కడేమో ‘క్యాలెండరు ఒకటి పంపండి, పెద్దది’ అని రాసినామెకు పెద్దదే వచ్చేది.

ఇద్దరు అన్నదమ్ములు అర్పణలు తెస్తే దేవుడు ఒకడిదే లక్ష్యపెట్టిన కథను సండేస్కూల్లో చిన్నపిల్లలకు నేనే చెప్పేదాన్ని. ఇంకొకడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు అనే చోటికి వచ్చేసరికి పిల్లలంతా వాడిని తిట్టేవాళ్ళు. నాకు మాత్రం తిట్టబుద్ధయ్యేది కాదు.

ఒక ఏడు పందిరి కింద నా కార్డుల సంగతి విని అక్క పడీపడీ నవ్వింది.

“అడగకపోతే వాళ్ళకెట్ల తెలుస్తాదే? వాళ్ళేమన్నా ప్రవక్తలా?”

“దేవుడికి తెల్సు గదక్కా.”

“దేవుడికి తెల్సు. కట్టలు కట్టే గుమాస్తాకి తెలియద్దూ? నీ పేరు మీద నేను రాస్తా ఉండు.”

వద్దని అనలేదు. డిసెంబరు టపాలో ఒక పొడుగాటి కాగితపు చుట్ట వచ్చింది. దాని మీద టైపులో నా పేరు, కింద మదనపల్లె. అమ్మ చేతులు తుడుచుకుని దాన్ని రెండు చేతులా అందుకుంది. నేను ఎదురుచూసిన రోజు అదే. కానీ ఆ చుట్టను విప్పుతుంటే నాకు కుప్పం తప్ప ఇంకేమీ గుర్తురాలేదు.

ఆదివారం సంఘంలో లేచి కృతజ్ఞతలు చెప్పాల్సి వచ్చింది. క్యాలెండరు పట్టుకుని నిలబడ్డాను.

“ప్రభువు దీన్ని పంపినాడు. కుప్పంలో మా అక్క నా కోసం రాసింది” అన్నాను. అబద్ధం చెప్పడానికి అది చోటు కాదు.

“అబ్బా, ఎంత మంచి పిల్లో!” అన్నది వెనక వరసలో ఒక ముసలమ్మ. “చెల్లెలి మీద ఎంత ప్రేమ సూడు!” అన్నారు ఇంకెవరో. మా నాయన ఆమె పేరెత్తి మరీ స్తుతి చెల్లించాడు. చుట్ట వచ్చింది నాకు, ఆదివారం మాత్రం ఆమెదైపోయింది. ఆ ఏడాదంతా మా గోడ మీద నెల మారినప్పుడల్లా అమ్మ “పాపం, ఆ పిల్ల రాయబట్టి” అనేది.

ఆ మంటలోనే ఒక వారపత్రికలో ఎంబ్రాయిడరీ దారాల కంపెనీ ప్రకటన కనబడింది. రంగుల కార్డు ఉచితం, రాసినవారికి పంపుతాం అని ఉంది. పోస్టుకార్డు తెచ్చుకుని రాశాను. ‘నాకు రంగుల కార్డు పంపండి’ అని ఒక్కటే వాక్యం. నాయన దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు.

“అడుగుతాండావా?”

“వాళ్ళే అడగమన్నారు నాయనా.”

ఆయన ప్రకటన తీసుకుని పైనుంచి కింది దాకా చదివాడు. “అవును, వాళ్ళే పిలిచినారు” అని కార్డు నా చేతికిచ్చాడు.

వచ్చింది. అట్ట మీద వరసలు వరసలుగా నిజమైన దారపు ముక్కలు అతికించి ఉన్నాయి. ఒక్క ఆకుపచ్చలోనే ఎన్ని రకాలో! కవరు మీద పేరు నాది, అడిగింది నేను.

ఆ వేసవి పుంగనూరులో అక్క సంచి విప్పకముందే నా కార్డు చాప మీద పెట్టాను. అక్క చెయ్యి సంచిలోనే ఆగిపోయింది. కుట్టుపని అంటే ఆమెకు ప్రాణం. వాళ్ళ సంఘంలో ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ ఆమే కుట్టేది. ఒక్కో దారం మీద వేలు పెట్టి చూసింది.

“ఈ తీగ పచ్చ కోసం కుప్పమంతా తిరిగినా గదే! యాడికి రాసినావు? అడ్రసు చెప్పు.”

చుట్టూ ఆడవాళ్ళు తలలు తిప్పారు. ఆమె నన్ను అడగడం అదే మొదలు. గొంతులో ఆత్రం, కళ్ళలో నాకు బాగా తెలిసిన చూపు. అడ్రసు నాకు కంఠస్థం. ఇంతలో మధ్యాహ్నం కూటానికి గంట కొట్టారు.

“కూటమయినాక చెప్తాలేక్కా.”

“మర్సిపోవద్దు.”

పక్కపక్కనే కూర్చున్నాం. పాటల మధ్యలో ఆమె నన్ను మోచేత్తో పొడిచింది. “కవరు ఉండాదా, పారేసినావా?” “ఉండాది” అన్నాను. ఆ పూట ప్రసంగీకుడు పొడుగ్గా చెబుతాడని పేరున్నవాడు. ఆయన లేవగానే వెనక ఆడవాళ్ళు ఉసూరుమన్నారు. నేను మాత్రం తల వంచి, ఆయనకు మంచి బలం ఇమ్మని నిండు మనసుతో ప్రార్థించాను.