వేన్నీళ్ళలో ఉతికిన బంతులు

ఈ ఉదయం పాలు పొంగుకొస్తుండగా కిటికీ అవతల పార్కులోంచి "వదిలెయ్యరా, అవుటు!" అని ఒక కేక, "అవుటు కాదు, నీ కళ్ళద్దాలు మార్పించుకో అన్నయ్యా!" అని దానికి జవాబు వినిపించాయి. అటు చూసేసరికి పాలు పొంగిపోయాయి. గరిటెడు పాలు పోతే నాకు మధ్యాహ్నం దాకా కోపం తగ్గదు. ఇవాళ మాత్రం గట్టు తుడుచుకుంటూ నవ్వుకున్నాను. అరుచుకుంటున్నది నా తమ్ముళ్ళిద్దరూ. పెద్దవాడికి డెబ్బై దాటాయి, చిన్నవాడు దాటబోతున్నాడు.

మాది రేపల్లె. ఉన్ని బంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్ అంటే అక్కడి కుర్రాళ్ళకు అన్నం కన్నా ఎక్కువ. నేను మూడో తరగతితో బడి మానేసి అమ్మకు పొయ్యి దగ్గర సాయం చేసే రోజుల్లో వీళ్ళిద్దరికీ కలిపి ఒకటే బ్యాటు. బ్యాటు దొరకనివాడు కూర్చునే పీటతో ఆడేవాడు. మా ఇంట్లో పగలని పీట ఉండేది కాదు, భోజనానికి చాపే గతి. ఆ ఆటే ఇద్దరికీ ఢిల్లీలో సర్కారు ఉద్యోగాలు ఇప్పించింది. పెళ్ళై ముందే ఇక్కడికి వచ్చిన నాకు పుట్టింటిని తెచ్చిపెట్టింది. ఆ పసుపు బంతిని చూసి ఇక్కడివాళ్ళు "లడ్డూ సే ఖేల్తే హో క్యా, భయ్యా?" అని లడ్డూతో పోల్చి ఎగతాళి చేసేవారు. వీళ్ళు పట్టించుకోలేదు. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఆఫీసు తరఫున ఆడారు, రిటైరయ్యాక మా సరోజినీ నగర్ క్వార్టర్ల పార్కులో సున్నంతో గీతలు గీసుకుని ఆడారు. బంతులు మాత్రం ఊరి నుంచే రావాలి. ఎవరొచ్చినా ఆవకాయ జాడీ పక్కన ఒక డజను.

నాలుగేళ్ళ క్రితం పెద్దవాడికి మోకాలి ఆపరేషన్ అయింది. ఘాజియాబాద్‌లో వాడిది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మా అబ్బాయి క్వార్టరు కింది అంతస్తే కాబట్టి మా ఇంటికే తెచ్చుకున్నాం. కొన్నాళ్ళకు డాక్టరు "పరిగెత్తకుండా కాస్త ఆడుకోవచ్చు" అన్నా వీడు కుర్చీ వదల్లేదు. పరుగు లేని ఆట ఆటేనా అని గోడకేసి తిరిగి కూర్చునేవాడు. చిన్నవాడు గురుగ్రామ్ నుంచి ప్రతి ఆదివారం మెట్రోలో వచ్చి, పార్కు వైపు కూడా చూడకుండా అన్న పక్కన పేపరు తిరగేసి వెళ్ళేవాడు. ఇంకొకరితో జోడీ కట్టరా అంటే, "అన్న లేకుండా నేనేం ఆడతానక్కా" అన్నాడు. ఒకడి మోకాలికి ఇద్దరూ మూలపడ్డారు. వీళ్ళిక లేవరేమోనని నాకు భయం పట్టుకుంది. తిట్టి చూశాను. నా తిట్లు ఎప్పుడూ వృథా పోలేదు గాని ఆసారి పోయాయి. చివరికి ఒక ఆదివారం పెద్దవాడే "ఆ బ్యాట్లూ బంతులూ పాత సామాన్ల కబాడీవాడికి వేసెయ్యక్కా" అన్నాడు.

మట్టి కొట్టుకున్న బంతిని కబాడీవాడు మాత్రం ఏం చేసుకుంటాడు? ఉతికి పిల్లలెవరికైనా ఇద్దామనుకున్నాను. గీజరులో మిగిలిన వేన్నీళ్ళు, దాచిపెట్టిన సబ్బుముక్కలు బకెట్టులో వేసి, డజను బంతులనూ గట్టిగా పిసికి ఎండేశాను. స్వెట్టరును వేన్నీళ్ళలో ముంచకూడదని తెలిసినదాన్నే. బంతి కూడా ఉన్నేనని తోచలేదు. సాయంత్రానికి అవి నిమ్మకాయలంత అయి రాళ్ళలా బిగుసుకున్నాయి. మా మనవరాలు ఒకటి నేలకేసి కొట్టి, "నానమ్మా, యే క్యా కర్ దియా!" అని, ఏం చేశావిది అన్నట్టు అరిచింది. ఆ చప్పుడుకు పెద్దవాడు తల తిప్పాడు.

"ఏందక్కా ఇది? ఉన్ని బంతుల్ని ఉడకబెట్టావా?"

"వేసెయ్యమన్నావుగా. ఉడికితే నీకేం, మాడితే నీకేం?"

"వేసెయ్యమన్నా గాని పాడు చెయ్యమన్నానా? ఇది ఎగురుద్దా? తిరుగుద్దా? చూడు!"

కుర్చీలోంచి లేచాడు. చేతికర్ర కోసం చూడలేదు, బ్యాటు కోసం చూశాడు. నేను చేసిన నాశనం నాకు చూపించడానికి వరండాలో నిలబడి ఒక్క దెబ్బ వేశాడు. బయట చెప్పులు తొడుక్కుంటున్న చిన్నవాడి భుజానికి తగిలింది. వాడు లోపలికొచ్చి రెండో బ్యాటు అందుకుని, వెనక్కి వెళ్ళి తిరిగి కొట్టాడు.

"నా చేతికి పెట్టరా, పక్కకు కాదు!"

"పెడతా, నువ్వు మాత్రం కదలొద్దన్నయ్యా!"

నా తులసి కుండీ పగిలింది. నేను పెంకులు పక్కకు నెట్టి వాళ్ళకు చోటిచ్చాను.

ఆ వారమే ఊరికి ఫోను చేసి కొత్త బంతులు తెప్పించాను. చిన్నప్పటి నుంచీ కోర్టంతా పరిగెత్తింది పెద్దవాడే, చిన్నవాడు అన్న చూపించిన చోట నిలబడేవాడు. ఇప్పుడు పెద్దవాడు వల దగ్గర కదలకుండా నిలబడతాడు, చిన్నవాడు రొప్పుకుంటూ నాలుగు మూలలకూ ఉరుకుతాడు. వయసు మీద పడితే మనిషిని ఆటలోంచి లేపేస్తుందనుకునేదాన్ని. వీళ్ళను చూశాక, అది మనం నిలబడే చోటే మారుస్తుందని తెలిసింది.