దొరసానికి సవతి

ఆ రోజుల్లో మా అనంతపురంలో చేపను ముఖం చూడ్డానికి ఎవరూ పెంచుకునేవాళ్ళు కాదు. చేప అంటే చట్టిలో ఉడికేది, ముల్లు తీసి తినేది, అంతకు మించి మనిషికి దానితో చుట్టరికం లేదు. అట్లాంటి ఊళ్ళో, పెండ్లయి ఏడాది కూడా తిరగని నేను, నా చిటికెన వేలంత కూడా లేని ఒక ఆడచేపను చూసి కుళ్ళి కుళ్ళి చచ్చినానంటే ఇప్పుడు మా మనవరాండ్లు నమ్మరు. (నమ్మకపోతే పోనీ, మీరు నమ్మితే చాలు.) పోనీ ఊళ్ళో ఆడోళ్ళను చూసి కుళ్ళుకుందామంటే కొత్తగా కాపురానికి వచ్చినదాన్ని, ఎవరూ సరిగా తెలీదు. బాగా తెలిసింది ఆ చేప ఒక్కటే.

మా ఆయన కాలేజీలో జంతుశాస్త్రం డెమాన్‌స్ట్రేటరు. పిల్లకాయలకు కప్పల్ని కోసి చూపించడం ఆయన పని. మనిషి బంగారం, గొంతు లేపి ఎరుగడు, కానీ ఆయన నోట్లోంచి మాట రావాలంటే లోతుబావిలోంచి బొక్కెన తోడినంత పని. "అన్నం పెట్టు", "పోయొస్తా", "తలుపేసుకో", ఈ మూడింటితోనే మా కొత్త కాపురం నడుస్తాండె. అట్లాంటి మనిషి ఒకసారి సెలవుల్లో బెంగుళూరికి పోయి, ఇత్తడి బిందె మూతికి పల్చటి గుడ్డ కట్టుకోని, దాన్ని రైల్లో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకోని వచ్చినాడు. (నన్ను ధర్మవరం నుంచి కాపురానికి తీసుకొచ్చిన రోజు నన్ను ఆడోళ్ళ పెట్టెలో ఎక్కించి, తాను ఇంకో పెట్టెలో కూర్చోని పేపరు చదువుకున్నాడు. ఆ సంగతి నేను ఇప్పటికీ మర్చిపోలేదు.) గుడ్డ విప్పితే బిందెలో రెండు చేపలు ఉండాయి.

"ఏంరా ఇవి?" అనింది మా అత్త.

"సిక్లిడ్లమ్మా. అందులో మరుగుజ్జు జాతి. దక్షిణ అమెరికావి."

"చిక్కుడు చేపలా? ఇంట్లో ముగ్గురం ఉంటే రెండు తెస్తివా! అవీ ఇంతింత."

ఆ పొద్దు నుంచి మా ఇంట్లో వాటికి చిక్కుడు చేపలనే పేరే ఖాయమయింది. లాంతర్లకు మాట్లు వేసే సాయిబుతో ఇనప చట్రం కట్టించి, గాజుపలకలు అతికించి, మా ఆయన ఒక తొట్టి చేయించినాడు. పెద్దదేం కాదు, నా పుట్టింటి సందుగ పెట్టెంత ఉంటాది. అడుగున పెన్నేటి ఇసుక (పామిడి నుంచి ఎవరో స్టూడెంటుతో తెప్పించినాడు), మూలన రెండు రాళ్ళు, ఏదో నీటిమొక్క. మగచేపకు దొర అనీ, ఆడచేపకు దొరసాని అనీ పేర్లు పెట్టినాడు. సాయంత్రం కాలేజీ నుంచి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా తొట్టి ముందర గొంతుకూర్చునేవాడు. "చూడు, చూడు, దొరసాని పొట్టకు గులాబీ రంగు తిరిగింది! ఏం కళ, ఏం కళ!" అని, ఆ మాటలు రాని మనిషికి యాడలేని మాటలూ వస్తాండె. ఒకసారి మా నాయన నాకోసం మా మగ్గం మీదే నేసిన పట్టుచీర పంపించినాడు. నెమలిమెడ రంగు, ఎర్ర అంచు. వెలుతురు పడితే ఒక పక్క నీలం, ఇంకో పక్క పచ్చ. అది కట్టుకోని, తలలో పూలు పెట్టుకోని, పనేమీ లేకపోయినా తొట్టి పక్కన పోయి నిలబడినాను. మా ఆయన తలెత్తి చూసినాడు. నేను కొంగు సర్దుకున్నాను.

"కొంచెం జరుగు, వెలుతురుకు అడ్డమొస్తాండావు," అన్నాడు.

ఆ తర్వాత ఆయనకు ఇంకో దిగులు పట్టుకుంది. చేపలు రెండే ఉండేసరికి బెదురుకోని రాళ్ళ వెనక దాక్కుంటాండాయంట. పైన నాలుగు చేపలు నిమ్మళంగా తిరుగుతాంటే, వాటిని చూసి ఇవి కూడా ధైర్యంగా బయటికొస్తాయంట. అయితే ఆ తోడు వచ్చేవి ఎట్లాంటివి కావాల? "మరీ పెద్దవి కాకూడదు. రెక్కలు కొరికే గుణం ఉండకూడదు. అడుగుకు దిగకూడదు, అడుగంతా దొరసానిది. కొట్లాట పనికిరాదు, మరీ పిరికితనమూ పనికిరాదు," అని కంచం ముందర కూర్చోని వేళ్ళు మడుస్తాండె. నేను సంగటి ముద్ద పెడతా వినేదాన్ని. నాకు సంబంధం చూసేటప్పుడు మా నాయన "పిల్లోడు కాలేజీలో పని చేస్తాడంట" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకున్నాడు. అత్త ఎట్లాంటిదో, పక్కిల్లు ఎట్లాంటిదో, నీళ్ళు యాడనుంచి మొయ్యాల్నో ఒక్కరూ విచారించలేదు. చేపకు జరిగినంత విచారణ నాకు జరగలేదే అని నా కడుపు రగిలిపోతాండె.

దోమలు పుట్టకుండా బావుల్లో వదిలే చిన్నచేపలు ఉంటాయి. చిన్నవి, పైపైన తిరుగుతాయి అని మొదట వాటిని పట్టుకొచ్చి తొట్టిలో వేసినాడు. అవి సంతలో జేబుదొంగల మాదిరి వెనక నుంచి వచ్చి దొర తోక కొరికి పారిపోతాండె. వాటిని మళ్ళీ బావికి సాగనంపినాంక, తాను పెట్టిన షరతు తానే మర్చిపోయి, శింగనమల చెరువు నుంచి ఒక జెల్లచేప పిల్లను తెప్పించినాడు. మీసాలేసుకోని మెత్తగా ఉండె. "అడుగున పడింది ఏరుకోని తింటాది, పాపం," అన్నాడు. తెల్లారి చూస్తే ఆ పాపం ఇసుకంతా దున్ని, మొక్క పీకి, దొరసాని రాయి కింద తాను పడుకోని ఉండాది. దాన్ని మా అత్త పులుసులో వేసింది. (ఒక్కటే అయినా ఎంత రుచో అని ఆమె చాన్నాళ్ళు చెప్పుకునింది.)

మా ఊరి నీళ్ళ సంగతి మీకు చెప్పాల. బావినీళ్ళు ఉప్పు. వాటితో కందిపప్పు పొద్దున పొయ్యిమీద పెడితే మాపటికి కూడా రాళ్ళ మాదిరే ఉంటాది. అందుకని ఎప్పుడన్నా నాలుగు చినుకులు పడితే చూరు కింద అండా పెట్టి, ఆ వాన నీళ్ళను గుడ్డతో వడగట్టి, పప్పుకని దాచుకునేవాళ్ళం. ఆ ఏడు వానలు కూడా అంతంత మాత్రమే. ఒక పొద్దు అండా మూత తీస్తే సగం ఖాళీ.

"అండాలో నీళ్ళేమయినాయి?" అని అడిగినాను.

"తొట్టిలో పోసినా. దొరసానికి ఉప్పునీళ్ళు పడవు," అన్నాడు మా ఆయన.

"మరి పప్పు?"

"ఒకపూట చారు తాగితే ఏమయితాది? మనం చావం గదా."

నేను పంతానికి ఉప్పునీళ్ళతోనే పప్పు వండినాను. ఆ ఉడకని పప్పును నోట్లో తిప్పుకుంటా మా అత్త నా వైపే చూసింది గాని, చేప వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ మధ్యాహ్నం నేనొక్కదాన్నే పోయి తొట్టి ముందర కూర్చున్నాను. నా వాననీళ్ళలో దొరసాని రాణి మాదిరి తిరుగుతాండాది. దొర ఒక్క క్షణం కూడా దాన్ని ఇడిసిపెట్టకుండా వెనకాలే పోతాండాడు. "నీకేం తల్లీ, తొట్టిలో మొగుడూ నీవాడే, నా మొగుడూ నీవాడే," అన్నాను దానితో. అప్పుడే నాకొక ఉపాయం తోచింది. కడుపు మండడం అంటే ఏందో దీనికి కూడా తెలియాల అనుకున్నా. సాయంత్రం ఆయన రాగానే, "ఇదో, మిమ్మల్నే. తోడు కోసం ఊరూరూ ఎందుకు వెతకడం? దొరకు ఇంకో ఆడచేపను తెస్తే సరిపోదా?" అన్నాను.

పెండ్లయినాంక ఆయన నా ముఖాన్ని నిండుగా చూసింది అప్పుడే. "నీకు కూడా చేపలంటే ఇష్టమా!" అన్నాడు, పరీక్ష పాసైన పిల్లోని మాదిరి. "కొన్ని జాతుల్లో మగదానికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. అయితే మన తొట్టి చిన్నది గదా..." అని గొణిగినాడు. "ఈ ఇల్లు మాత్రం పెద్దదా? సర్దుకోవడం లేదా?" అన్నాను. ఆ ఆదివారమే బెంగుళూరు బండెక్కినాడు.

కొత్తామె వచ్చింది. దొరసాని కంటే పెద్దది, రంగూ ఎక్కువే. నేనూ మా అత్తా ఒళ్ళో బొరుగులు పోసుకోని, తోలుబొమ్మలాటకు కూర్చున్నట్ల తొట్టి ముందర కూర్చున్నాము. దొర రెక్కలన్నీ విప్పుకోని కొత్తామె ముందర వయ్యారంగా నిలబడినాడు. "చూస్తివా అత్తా, మగబుద్ధి," అన్నాను. "నీళ్ళలో ఉన్నా అంతే లే," అనింది మా అత్త నములుతా. దొరసాని దూసుకోని వచ్చింది. కొత్తామె నోరు తెరిచి ఒక్క తోపు తోసింది. నాకు ఆ పొద్దంతా పండగే. మరుసటి రోజుకు ఆ పండగ పాచిపోయింది. దొరసాని రాయి వెనక మూలకు చేరింది. గులాబీ పోయి బూడిద రంగు వచ్చింది. మేతకు బయటికి వస్తే కొత్తామె తరిమితరిమి కొడతాండాది, దొర తనకేమీ పట్టనట్ల చూస్తా ఉండాడు. అన్నిటికంటే ఘోరం, సాయంత్రం మా ఆయన వచ్చి గొంతుకూర్చోని, "కొత్తదాని కళ చూడు, ఏం రంగు!" అన్నాడు. ఇన్ని నెలలు దొరసాని, దొరసాని అని జపం చేసిన మనిషి, ఆ మూల వైపు తలైనా తిప్పలేదు.

నాకు యాడ కాలిందో తెలీదు. ఆ మూలన ఉండేది చేప అనే సంగతే మర్చిపోయినాను. "ఆ బెంగుళూరుదాన్ని ఇంట్లోంచి పంపిస్తారా లేదా? కొత్తది రాగానే పాతదాన్ని మూలకు తోస్తారా? అదన్నా ఉండాల ఈ ఇంట్లో, నేనన్నా ఉండాల!" అని అరిచినాను. నా గొంతు మొదటి నుంచీ పెద్దది. మగ్గాల చప్పుడు మధ్యన మాట్లాడతా పెరిగినదాన్ని.

మా పక్కింటామె ఎప్పుడు చూసినా గోడ మీద గడ్డం ఆనించుకోని ఉంటాది కాబట్టి ఆమెకు నేను గోడక్క అని పేరు పెట్టుకోనుంటి. ఆ సాయంత్రం కూడా గోడక్క గోడ మీదే ఉండాది. ఆమె తమ్ముడు పట్టుదారం బేరానికి ధర్మవరం పోయి వచ్చేవాడు. మరుసటి పొద్దు కూడా పోయినాడు. ఆ పైరోజు తొలి బస్సుకే మా నాయన దిగినాడు, ఆయన వెనక మా చిన్నాయన. చిన్నాయన చేతిలో కట్టె ఉండాది. (ఆయనకు కాలినొప్పి ఏమీ లేదు.)

మా ఆయన తల తుడుచుకుంటా ఎదురుపోయినాడు. నేను పొయ్యికాడ ఉండి, వాళ్ళు వచ్చింది కూడా తెలీదు.

"అల్లుడా, బెంగుళూరు నుంచి ఒకదాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నావంట. నిజమేనా?" అని అడిగినాడు మా నాయన.

మా ఆయన ముఖం విప్పారింది. చేపల సంగతి తనంతట తాను అడిగిన మొదటి చుట్టం. "నిజమే మామా! మీకెవరు చెప్పినారు?"

"నా కూతురు ఇంట్లో ఉండంగానే?"

"మీ అమ్మాయే తెమ్మనింది మామా, తోడుంటాదని."

మా చిన్నాయన కట్టె పైకి లేచింది. "ఏమప్పా, సిగ్గులేకుండా మాట్లాడతాండావు! యాడ ఉండాది ఆ మనిషి?"

"ఈడనే, లోపల. పాతదానికీ దీనికీ పడడం లేదు. చోటు చిన్నది గదా, నిదానంగా సర్దుకుంటారులే అనుకుంటి. చిన్నమామా, ఆ కట్టె బయట పెట్టి రండి, గాజుకు తగులుతాది."

నేను చేతులు తుడుచుకుంటా పరిగెత్తుకోని వచ్చేసరికి మా నాయన, చిన్నాయన తొట్టి ముందర వంగి నిలబడి ఉండారు. మా ఆయన వేలు పెట్టి చూపిస్తాండాడు, "ఇదో, ఈమే." మా నాయన గాజులోకి చూసినాడు, అల్లుని ముఖం చూసినాడు, నా ముఖం చూసినాడు. "చేపా?" అన్నాడు. గడప మీద కూర్చున్న మా అత్త, "చిక్కుడు చేపప్పా. మొదటిరోజే పులుసు పెట్టేద్దాం అనుకుంటి," అనింది. మా చిన్నాయన కట్టెతో సహా నేలమీద కూలబడి, దగ్గొచ్చేదాకా నవ్వినాడు. మా నాయన మాత్రం వెంటనే నవ్వలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకోని, నా తలమీద చెయ్యి పెట్టి, "బాగుండావా అమ్మా?" అన్నాడు. బాగుండానని తలూపినాను. అప్పుడు నవ్వినాడు.

తర్వాత చాలాసేపు తొట్టి చూస్తా కూర్చున్నాడు. పోయేముందర, "అల్లుడా, ఆ కొత్తదాన్ని నాకియ్యి. చేపైనా సరే, నా కూతురింట్లో రెండోది వద్దు," అన్నాడు. మా ఆయన బిందె తెచ్చిచ్చినాడు. కొత్తామె ధర్మవరం పోయి మా మగ్గం పక్కన కాగులో హాయిగా బతికింది. మా నాయన వచ్చినోళ్ళకంతా "అల్లుడు బెంగుళూరు నుంచి తెచ్చినాడు" అని చూపించుకుంటాండె. ఈడ దొరసాని మూల ఇడిసిపెట్టి బయటికి రావడానికి కొన్నాళ్ళు పట్టింది. రంగు తిరిగిన రోజు మా ఆయన కంటే ముందు చూసింది నేనే.

తోడు సంగతి మాత్రం అట్లే మిగిలిపోయింది. ఒక ఆదివారం ఆయన గడపలో నిలబడి, "ఈసారి నువ్వే ఏరుదువు గానీ, రా," అన్నాడు. జట్కా కట్టించుకోని బుక్కరాయసముద్రం చెరువుకు పోయినాము. కరువు ఏడు, నీళ్ళు ఎంతో దూరం వెనక్కి పోయి ఉండాయి. చీర పైకి దోపుకోని నీళ్ళలోకి దిగి, తువ్వాలు రెండు కొసలు నేను, రెండు కొసలు ఆయన పట్టుకోని, వెండిపొట్టు మాదిరి మెరిసే పరిగె చేపలను పట్టినాము. వాటిలో చిన్నవి, తమ మానాన తాము పైపైన తిరిగేవి చూసి నేనే ఏరినాను. అవి ఒకరి జోలికి పోలేదు, దొరసాని వాటి జోలికి రాలేదు. ఆ చిన్న తొట్టిలో అందరూ బతికినంత కాలం గొడవ లేకుండా కాపురం చేసినారు.

అయితే ఆ పొద్దు తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది పరిగెలు కాదు. తిరిగి వచ్చేటప్పుడు కాళ్ళకింద బురద జారుతాంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. పెండ్లి పీటల మీద తప్ప అంతవరకు పట్టుకోనింది లేదు. నీళ్ళు మోకాళ్ళకు పైకి లేవు, కొన్ని అడుగులు వేస్తే ఒడ్డు. జిల్లా అంతా పంటల కోసం వాన రావాలని మొక్కుకుంటాంటే, ఈ చెరువు ఇంకొంచెం వెడల్పు ఉండింటే ఎంత బాగుండు అనుకుంటా, అడుగు తీసి అడుగు వేసేదానికి ఆలస్యం చేసిన పిచ్చిపిల్ల ఆ ఏడు నేనొక్కదాన్నే అయ్యుంటాను.