స్నానం చేయించకముందే

ఇవాళ మా అమ్మాయిని ఏడాదికోసారి చేయించే పరీక్షకి మేడ్చల్ దారిలో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. కీళ్ళ విభాగం ముందు గోడ మీద ఆ కాగితం ఇంకా ఉంది. అంచులు పసుపుపచ్చబడ్డాయి, ఊడిపోకుండా టేపు మీద టేపు వేశారు, అక్షరాలు మాత్రం చదవడానికి వస్తున్నాయి: 'కీళ్ళ నొప్పులున్న పిల్లలను పొద్దున్నే, స్నానం చేయించకముందే తీసుకురండి.' పక్కన కూర్చున్నావిడ అది చదివి, ఎక్కడైనా ఇలా రాస్తారా అని నవ్వింది. నేనూ నవ్వాను. అది మా ఇంటి స్నానాల గదిలోంచి పుట్టిన కాగితమని ఆవిడకి చెప్పలేదు. ఇప్పుడు పిల్ల నిద్రపోయాక, ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను. పిల్లల్ని పెంచిన తల్లులకి పెద్దగా వివరించక్కర్లేదు.

ఐదేళ్ళ కిందట, మావారికి శామీర్‌పేట వైపు మందుల కంపెనీలో ఉద్యోగం రావడంతో కాకినాడ నుంచి వచ్చి, మేడ్చల్‌లో కొత్తగా లేచిన ఒక కాలనీలో పై వాటా అద్దెకి తీసుకున్నాం. అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. ఆ చలికాలంలో ఒకరోజు పొద్దున్న మంచం దిగి, గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ నడిచింది. కాలు తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. నాలుగో రోజుకి మంచం దిగకుండానే చేతులు చాపి ఎత్తుకోమంది. నేను మా అమ్మ నేర్పినట్టు గోరువెచ్చని నువ్వులనూనె మోకాళ్ళకి పట్టించి, కాగే నీళ్ళు చన్నీళ్ళతో తొరిపి దోసిళ్ళతో పోస్తే, స్నానం అయ్యేసరికి బిగుసుకున్న కాలు మెల్లగా సాగేది, తొమ్మిదింటికల్లా మెట్ల మీద దుమికేది. అలా దుముకుతున్న పిల్లనే ఇద్దరు డాక్టర్లకి చూపించాను. రక్తపరీక్షల్లో ఏమీ లేదన్నారు, ఎదిగే వయసు నొప్పులన్నారు. రోజూ పిల్ల లేవకముందే డ్యూటీకి వెళ్ళే మావారు కూడా, నీకు భయం కాస్త ఎక్కువ అని మెత్తగానే అన్నారు. కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరుగారి అమ్మని అందరూ అవ్వ అనేవాళ్ళు. ఆవిడ రోజూ ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసేది. తీశాక పిల్ల నిజంగానే పరుగెత్తేది కాబట్టి, ఆవిడకి తన ఉప్పు మీద నమ్మకం రోజురోజుకీ పెరిగింది. పొద్దుటి పిల్లని నేనొక్కదాన్నే చూసేదాన్ని. ఒకరోజు ఆ కాలు అలాగే బిగుసుకుపోతే ఏం చేయాలన్న భయం పగలంతా నాతోనే తిరిగేది.

మూడోసారి వెళ్ళింది ఈ ఆసుపత్రికే. అక్కడ పెద్ద డాక్టరుగారి దగ్గర శిక్షణలో ఒక చిన్న డాక్టరమ్మ ఉండేది. ఎం.డి. అయ్యాక కూడా ఒక్క కీళ్ళవాతాల కోసమే మళ్ళీ రెండేళ్ళు ఫెలోషిప్ చేస్తారని, ఆమె అప్పుడు అదే చేస్తోందని నాకు నర్సు చెబితే తెలిసింది. పెద్దాయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. మనం తెచ్చిన రిపోర్టులన్నీ బల్ల మీద బోర్లా పెట్టించేవారు. నేర్చుకునేవాళ్ళు ముందు తమ వేళ్ళతో కీలు కీలూ తడిమి, దొరికిందేమిటో పైకి చెప్పి, పుస్తకంలో రాసుకోవాలి, ఆ తర్వాతే కాగితాలు తిప్పాలి. ఆమె మా అమ్మాయి మోకాలి చుట్టూ బొటనవేళ్ళతో చాలాసేపు తడిమి, అనుమానంగా ఉంది సార్ అంది. ఆయన కూడా ఒకసారి చూసి, "అనుమానం మనసులో పెట్టుకో. పుస్తకంలో దొరికింది రాయి" అన్నారు. ఆమె తల వంచుకుని 'ఏమీ లేదు' అని రాసింది. ఆ రెండు మాటలు తలకిందులుగా చదువుకుని నేను లేచాను. మూడోచోట కూడా అదే మాట విన్నాక ఇంక ఎక్కడికి వెళ్ళాలో తోచలేదు.

గేటు దగ్గర ఆటో కోసం నిలబడితే ఆమె మెడలో స్టెతస్కోపుతోనే పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, పొద్దుగాల లేవంగనే ఎట్లుంటది పాప?"

గోడ పట్టుకోవడం, ఎత్తుకోమనడం, నూనె, వేడినీళ్ళు, మెట్ల మీద దుమకడం అన్నీ ఒక్క గుక్కలో చెప్పాను.

"అంటే రోజు నువ్వే మంచిగ జేసి, మాకు మంచిగైన పిల్లను సూపిస్తున్నవ్. రేపు ఏడింటికి రా అక్కా. స్నానం వద్దు, నూనె వద్దు, నడిపియ్యద్దు. మంచం మీదికెల్లి తీసి చంకలేస్కొని రా. సార్‌ను నేను ఆపుత."

మీలో ఎవరైనా పిల్లని పాచిమొహంతో, చిక్కుజుట్టుతో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారేమో నాకు తెలీదు. మా ఇంట్లో డాక్టరంటే గుడికి వెళ్ళినంత తయారీ. తలంటి, ఉతికిన గౌను, రెండు జడలు, నుదుట చుక్క. ఫోనులో చెబితే అమ్మ ముందు నమ్మలేదు, తర్వాత, "జనం చూస్తే పిల్లకి తల్లి లేదనుకుంటారే" అంది. నాకూ సిగ్గుగానే ఉంది. పైగా అంత చలిలో, నొప్పి తగ్గించే దారి చేతిలో ఉండి కూడా తగ్గించకుండా తీసుకెళ్ళడం తల్లి చేసే పనేనా అనిపించింది. పొద్దున్న పిల్ల నీళ్ళు పోయమని ఏడుస్తుంటే కాగిన నీళ్ళు అలాగే వదిలేసి దుప్పట్లో చుట్టి ఎత్తుకున్నాను. మావారు ఆ పూట సెలవు పెట్టి ఆటో తేవడానికి వెళ్ళారు. అవ్వ అడ్డం వచ్చింది.

"ఏంది బిడ్డా, మొకమన్న కడగకపోతివి. ఎవల్లన్న సూస్తే నవ్వుతరు."

డాక్టరమ్మ అలాగే రమ్మందని చెప్పాను. అవ్వ, "సదువుకున్నోళ్ళకు గీ పిచ్చి గూడ ఉంటదా" అని, తన శాలువా తెచ్చి దుప్పటి మీద కప్పింది. ఆ పూట దిష్టి కూడా తియ్యలేదు. పిల్ల బాగైతే డాక్టరమ్మకి జబ్బు దొరకదని నాతో రహస్యంగా అంది.

పెద్దాయన అప్పుడే కారు దిగి వార్డుకి వెళ్తున్నారు. ఆమె ఎదురెళ్ళి, రెండు నిమిషాలు సార్, తప్పయితే తిట్టండి అంది. ఆ వరండాలో పిల్లని కిందికి దింపాను. చల్లటి గచ్చు మీద నాలుగంటే నాలుగు అడుగులు, మోకాలు వంచకుండా, గోడ పట్టుకుని వేసి ఆగిపోయింది. నిన్న చూసిన పిల్లేనా అని ఆయన అడగలేదు. సూటు వేసుకున్న పెద్దమనిషి గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుని, చేతి వెనక భాగాన్ని ఎడమ మోకాలికీ, కుడి మోకాలికీ మార్చి మార్చి ఆనించారు. తర్వాత ఆమెని పిలిచి ఆమె వేలు పట్టుకుని సరిగ్గా ఒకచోట పెట్టారు. వేడిగా ఉంది సార్, వాపు కూడా దొరుకుతోంది అందామె.

"నిన్నటి పేజీలో కొట్టెయ్యకు. కింద ఇవాళ్టిది రాయి, టైముతో సహా" అన్నారాయన. అంతే, మెచ్చుకోలేదు. ఆ మధ్యాహ్నమే ఆమె తన చేత్తో ఆ కాగితం రాసి గోడకి అంటించింది.

పిల్లలకి కూడా కీళ్ళవాతం వస్తుందని, త్వరగా పట్టుకుంటే కాలు నిలుస్తుందని అప్పుడే విన్నాను. భయపడాల్సిన మాటే అయినా నాకు మొదట కలిగింది ఊరట. నా భయానికి ఒక పేరు దొరికింది. మోకాల్లో ఇంజక్షను, వారానికోసారి మందు, మూడు నెలలకోసారి కళ్ళపరీక్ష, ఇలా ఏళ్ళు గడిచాయి. ఈలోగా ఆ చిన్న డాక్టరమ్మ శిక్షణ ముగించుకుని కరీంనగర్ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అవ్వ పంపిన సకినాలు తీసుకుంటూ, ఇంకా సద్వుడేనా, పెండ్లెప్పుడు అని అవ్వ అడిగిందని నేను చెబితే చాలాసేపు నవ్వింది. మందు ఆపి ఇప్పటికి ఏడాదైంది.

ఇవాళ కూడా అలవాటు ప్రకారం స్నానం లేకుండానే బయల్దేరాం. తొమ్మిదేళ్ళ పిల్ల, తల దువ్వుకోలేదని, క్లాసువాళ్ళు ఎవరైనా కనబడతారేమోనని చున్నీతో మొహం దాచుకుంది. కొత్తగా ఫెలోషిప్‌లో చేరిన కుర్ర డాక్టరు రిపోర్టులు బోర్లా పెట్టి, మోకాలి చుట్టూ తడిమి, పెద్దాయన వైపు తిరిగి, ఏమీ లేదు సార్ అన్నాడు. ఒకప్పుడు దిక్కుతోచకుండా చేసిన ఆ రెండు మాటలే. ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది.

ఇంటికి రాగానే పిల్ల తువ్వాలు తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. తలుపు కొట్టి నూనె రాయనా అని అడిగితే, వద్దమ్మా, జిడ్డు అంది. లోపల నీళ్ళ చప్పుడు వింటూ నూనెగిన్నె పట్టుకుని కాసేపు నిలబడ్డాను. అదృష్టవంతురాలిననే అనుకున్నాను. ఐదేళ్ళపాటు ప్రతి పొద్దునా తడిమిన ఆ చిన్న మోకాలు మాత్రం ఇంకా నా అరచేతికి గుర్తుంది. గిన్నెలోని నూనె వృథా చేయడమెందుకని, కిందికెళ్ళి అవ్వ మోకాళ్ళకి రాసి వచ్చాను.