మంగత్తాయి సముద్రం అడుగు చూసిన రోజు

విరుదునగర్‌లో పొద్దున్నే ఆరింటికి కోవిల్‌పట్టి బస్సు ఎక్కాం, నేనూ నా భార్య మంగత్తాయీ. మేం చేరాల్సింది తూత్తుక్కుడి. అక్కడ సముద్రపు ఒడ్డున మూడు రోజులపాటు స్కూబా డైవింగ్, నీటి అడుగు ఫొటోల పండగ. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ అడుగుకు దిగేవాళ్ళు, అక్కడి చేపలనూ పగడాలనూ ఫొటోలు తీసేవాళ్ళు ఎక్కడెక్కడినుంచో వస్తారు. కొత్తవాళ్ళకు నేర్పి ఒకసారి దింపుతారు కూడా. నేను గుంటూరు నుంచి మిరపకాయల బేరానికి వచ్చి విరుదునగర్‌లో స్థిరపడ్డవాణ్ణి. మోకాలి లోతు నీళ్ళంటేనే నాకు దడ. కాబట్టి ఈ ప్రయాణం నాది కాదు, ఆమెది.

మంగత్తాయి పుట్టింది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లెలో, తరాల కిందటే ఈ తమిళనేలకు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళ ఇంట. వానలు తక్కువ, బావులు లోతు. బిందె జారి బావిలో పడితే పక్క ఊరివాళ్ళు కూడా ఈమెనే పిలిచేవారట. ఒక్క దమ్ములో అడుగుకు పోయి తెచ్చేదట. పెళ్ళయి విరుదునగర్ వచ్చాక నీళ్ళను కుళాయి కింద చూడటమే తప్ప దిగింది లేదు. ఊళ్ళో ఆ బావిని కూడా పూడ్చేశారు. ఆమధ్య ఎవరో ఈ పండగ ఫొటో ఒకటి ఆమె ఫోనుకు పంపారు. పైనుంచి ఎండ పడి నీళ్ళు పచ్చగా వెలుగుతున్నాయి. చాలాసేపు చూసింది.

"మామా, ఇది మా బాయిలో వెలుతురే. సచ్చేలోగా ఇంకొక తూరి సూడల్ల," అంది.

యాభై దాటిన మనిషి, అడగక అడగక అడిగిన కోరిక. కాదనడానికి నాకు నోరు రాలేదు.

సాత్తూరులో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ళు ఎక్కి బస్సు కిటకిటలాడింది. కోవిల్‌పట్టి చేరేసరికి ఏడున్నర. అక్కడ మంగత్తాయి తమ్ముడు రామసామి ఇంట్లో టిఫిను. దోసెలు బాగున్నాయి, మాటలే కొంచెం ఘాటు.

"అక్కా, మనవరాల్ని ఎత్తుకొనే వయసులో రబ్బరు సొక్కా ఏసుకొని కడల్లో దూకేదా? ఊరు ఏమంటాది?" అన్నాడు రామసామి.

"బిందెలు పోయినప్పుడు ఊరు ఏమన్నిందిరా?" అంది మంగత్తాయి.

రామసామి నా వైపు తిరిగి, బావా నువ్వైనా చెప్పు అన్నట్టు చూశాడు. అక్కాతమ్ముళ్ళ మధ్య దూరడానికి నాకేమైనా పిచ్చా? ఇంకో దోసె వేయించుకున్నాను.

ఎట్టయపురం మీదుగా ఇంకో బస్సు. ఉప్పుమళ్ళు కనబడ్డాయంటే తూత్తుక్కుడి వచ్చినట్టే. లాడ్జి గది ముందే ఫోనులో చెప్పి పెట్టుకోవడం మంచిదైంది. పండగ జనంతో ఊరంతా నిండిపోయింది. మధ్యాహ్నం మూడింటికి ఒక హోటలు ఈతకొలనులో కొత్తవాళ్ళకు పాఠం మొదలైంది. నేర్పేది రామేశ్వరం నుంచి వచ్చిన ఒక అమ్మాయి. నవ్వుముఖమే కానీ పట్టుదల మనిషి.

ఆ అమ్మాయి తమిళంలో చెప్పిన మొదటి సూత్రం ఒకటే: నీళ్ళలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. నోట్లో గొట్టం ఉంటుంది, పీలుస్తూ వదులుతూ ఉండాలి. లోతులో ఊపిరి బిగించి పైకి వస్తే ఛాతీలో గాలి ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. అందరూ తలలూపారు, మంగత్తాయి కూడా ఊపింది. కానీ తల నీళ్ళలోకి వెళ్ళిందో లేదో గుండెల నిండా గాలి పట్టి బిగించేసింది. అమ్మాయి పైకి లేపి మళ్ళీ చెప్పింది. మళ్ళీ అదే. ఈతే రాని బ్యాంకు ఉద్యోగి ఒకాయన చక్కగా బుడగలు వదులుతున్నాడు. బావిలో ఆరితేరిన మనిషే నేర్చుకోలేకపోతోంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా అని ఒడ్డునుంచి వేళాకోళమాడాను. ఆమె నవ్వలేదు. నాకు నాలుక కరుచుకోవాలనిపించింది.

మర్నాడు పొద్దున కొత్తవాళ్ళకు చివరి పడవ. దానికి ముందు ఇంకొక్కసారి చూస్తాననీ, అప్పుడూ బిగబడితే సముద్రంలోకి తీసుకుపోలేననీ ఆ అమ్మాయి చెప్పేసింది.

సాయంత్రం లాడ్జికి నడుస్తుంటే సందులో అమ్మవారి గుడి దగ్గర హారతి ఇస్తున్నారు. ఆడవాళ్ళు కులవ వేస్తున్నారు. నాలుక ఆడిస్తూ ఒకే ఊపిరిలో సాగదీసే మంగళధ్వనిని ఈ వైపు కులవ అంటారు. అమ్మవారి ముందు కులవ విని ఈ వైపు ఆడది ఊరుకోదు. ముఖం అంత వాడిపోయి ఉన్నా మంగత్తాయి కూడా గొంతు కలిపింది. చూస్తూ నిలబడ్డాను. ఊపిరి బయటికి వస్తూనే ఉంది, ఎంతకీ ఆగదు.

లోలోపల నాకు ఊరటగానే ఉండింది, దాచుకోవడం దేనికి. ఆమె దిగకపోతే పొద్దున నా గుండె నిమ్మళంగా ఉంటుంది. కానీ ఆ ముఖం చూశాక ఊరుకోలేకపోయాను. నీళ్ళలో కులవ వెయ్యి, ఊపిరి దానంతటదే బయటికి వస్తుంది అన్నాను.

"నోట్లో రబ్బరు పెట్టుకోనా?" అని తమిళంలో అడిగి నన్ను వింతగా చూసింది. గదికి పోయాక బకెట్టు నింపి తల ముంచి కులవ వేసింది. స్నానాలగదంతా నీళ్ళు చిమ్మాయి. రెండోసారి ముంచి లేచినప్పుడు నవ్వింది.

పొద్దున కొలనులో ఆ శబ్దం విని అమ్మాయి మొదట కంగారుపడింది, తర్వాత తనూ నవ్వింది. కులవ వెయ్యి, నెమ్మదిగా పీల్చు, మళ్ళీ వెయ్యి అంటూ చాలాసేపు చేయించింది. పోనుపోను కులవ లేకుండానే ఊపిరి ఆడసాగింది. ఎనిమిదింటికి పడవ కదిలింది. నేనూ ఎక్కాను, లైఫ్ జాకెట్టు బిగించుకుని, రెండు చేతులా కమ్మీ పట్టుకుని. మంగత్తాయి అంచున కూర్చుని వెనక్కి వాలి మాయమైంది. నీళ్ళమీద బుడగలు తేలాయి. కాసేపు ఆగి మళ్ళీ తేలాయి. ఆ బుడగల మధ్య సందుల్లో నేను ఎందరు దేవుళ్ళకు మొక్కుకున్నానో నాకే తెలియదు.

పైకి వచ్చాక ఆమె చల్లబడ్డ చేత్తో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అడుగున ఊరికే ఒక కులవ వేసిందనీ, చేపల గుంపు మొత్తం ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూసిందనీ ఆ అమ్మాయే చెప్పింది. మధ్యాహ్నం ఫొటోల ప్రదర్శనలో పెద్ద తెరమీద పగడాల తర్వాత మంగత్తాయి కనిపించింది, అద్దాల వెనక ఇంతలేసి కళ్ళతో. ఆ ఫొటో అడిగి తీసుకుని తమ్ముడికి పంపింది.

తిరుగు ప్రయాణం సాయంత్రం రైల్లో, జనరల్ పెట్టెలో. మణియాచ్చి దాకా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఒక సంగతి చెప్పాలి. గడప దాటితే మంగత్తాయి నాతో కూడా తమిళమే మాట్లాడుతుంది. ఆమె తెలుగు విని మా గుంటూరు చుట్టాలు నవ్వినప్పటినుంచీ అంతే. ఆ రోజు నిండు పెట్టెలో, ఆ తెలుగులోనే మొదలుపెట్టింది.

"అది మా బాయి వెలుతురు కాదు మామా. బాయిది పచ్చ, ఇది నీలం. అయితే బాయిలో దిగితే బుద్దంతా పైకి వచ్చేదాంట్లోనే. బిగబట్టిన మూచ్చి ముగిసేలోగా బిందె దొరకల్ల. అడుగున ఏముండాదో ఒకనాడూ నిలిచి సూడలే. ఈ దినమే నిలిచి సూసినా."

ఇన్నేళ్ళ కాపురంలో ఆమెను ఇంత తీరికగా నేనెప్పుడూ చూడలేదు. ఎన్ని ఊళ్ళు తిరిగినా ఇలాంటి ప్రయాణం మళ్ళీ దొరకదనిపించింది. ఆమె చేపల రంగులూ, ఇసుకమీద ఎండ కదలడమూ, తన కులవకు చేపలు తిరిగి చూడటమూ చెబుతూ పోయింది. ఎదుటి సీటులో తలగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. కోవిల్‌పట్టిలో బండి ఆగింది. ఆయన సంచీ అందుకుని లేచాడు. ప్లాట్‌ఫారం వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"నేను దిగేది ఈడే. సాత్తూరులో దిగి బస్సులో వెనక్కి వస్తా," అన్నాడు, మంగత్తాయి మాట్లాడిన ఆ తెలుగులోనే. "నువ్వు సెప్పు తాయీ. ఆ మీన్లు తిరిగి సూసినాక ఏం సేసె?"